కోళ్ళ షెడ్డులో క్రిమి కాపలా

సంచికలో సైన్సు వ్యాసం కనిపించగానే పేజీ తిప్పేసి గ్రూపు ఫోటోల దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళే మనలో ఎక్కువ. నేనూ ఆ బాపతువాణ్ణే. అందుకని ముందే మనవి చేసుకుంటున్నాను. ఇది కోళ్ళ గురించిన వ్యాసం. మన హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం కోడికూర వద్దనేవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు గనక, మిగిలినవాళ్ళంతా కాస్త ఓపిక చేసుకుని చదవవలసిందిగా కోరుతున్నాను.

మాది గోదావరి డెల్టాలో ఒక చిన్న వూరు. మూడెకరాల వరిచేను, గట్టున కొబ్బరిచెట్లు, వాటి పక్కన మూడువేల బ్రాయిలర్లు పట్టే షెడ్డు. షెడ్డు మాదే గాని కోళ్ళు మావి కావు. పిల్లల్నీ, మేతనీ, మందుల్నీ కంపెనీవాళ్ళు ఇస్తారు. కరెంటూ, ఊకా, నీళ్ళూ, రాత్రింబవళ్ళు కాచుకునే పనీ మావి. నలభై రోజులు సాకి అప్పగిస్తే కిలోకి ఇంతని లెక్కకట్టి డబ్బిస్తారు. చచ్చిన కోడి మా లెక్కలో కోత.

2023 డిసెంబరులో వేసిన బ్యాచి సంగతి ఇది. ఆ నెల మంచు బాగా పడుతోందని షెడ్డుకి పరదాలు పూర్తిగా దించేశారు. లోపల ఊక చెమ్మగిల్లింది. తలుపు తీస్తే అమ్మోనియా ఘాటుకి మన కళ్ళే మండిపోయేవి, ఇక కోళ్ళ సంగతి చెప్పాలా? ఇరవైరెండో రోజున ఎనిమిది చచ్చాయి. మర్నాడు ఇరవై. ఆ మర్నాడు యాభై దాటాయి. బతికున్నవి కూడా రెక్కలు వేలేసి, ఈకలు ఉబ్బరించుకుని, ఓ మూల గుంపుగా కునుకుతున్నాయి. కంపెనీ సూపర్‌వైజరుగారు వచ్చి ఒకదాన్ని కోసి చూపించారు. గుండెమీదా, కార్జం మీదా పాలమీద మీగడలాగా తెల్లటి పొర కట్టివుంది. "ఈ. కోలై అండి, నీళ్ళలో మందు పెట్టండి" అన్నారు. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఐదు రోజులు పెట్టాం. చావులు ఆగలేదు. ఇంకో మందు తెచ్చారు. అదీ పెట్టాం. మొత్తం మీద ఏడువందల పైచిలుకు పోయాయి. పొద్దున్నే అమ్మ తట్టలో ఎత్తుకుపోయి గోతిలో వేసి సున్నం చల్లుతుంటే నేను లెక్క రాసేవాణ్ణి. ఆ బ్యాచికి మా చేతికొచ్చిన డబ్బు కరెంటు బిల్లుకి సరిపోయింది.

నాన్నగారి అనుమానం మందు కల్తీదని. సెలవులకి ఇంటికొచ్చి వున్నాను గనక, అప్పుడే చచ్చిన కోడినొకదాన్ని థర్మోకోల్ పెట్టెలో ఐసుముక్కల మధ్య పెట్టి, బస్సులో పరీక్షకి పట్టుకుపోయాను. పక్కసీటాయన ఏం చేపలండీ అని అడిగాడు. మూడో రోజుకి రిపోర్టు వచ్చింది. ఆ పరీక్ష మన మైక్రోబయాలజీ ప్రాక్టికల్సులో చేసేదే. పళ్ళెంలో క్రిమిని పరిచి, ఒక్కొక్క మందులో ముంచిన కాగితపు బిళ్ళలు దానిమీద పెడతారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని వలయం ఏర్పడుతుంది. పన్నెండు బిళ్ళలు పెడితే ఎనిమిదింటి చుట్టూ వలయం లేదు. మేం పెట్టిన రెండు మందులూ ఆ ఎనిమిదిలోనే వున్నాయి.

"మందు కల్తీది కాదు నాన్నగారూ, క్రిమే మందులకి లొంగడం లేదు" అన్నాను.

ఆయన కాసేపు వూరుకుని, "పట్టుమని నెలయినా వయసులేని కోడిపిల్ల. దాని వొంట్లో క్రిమికి ఎనిమిది మందుల సంగతి ఎలా తెలిసిందిరా? దానికేమన్నా బడి వుందా?" అన్నారు.

ఆ పూట నాకు తెలిసిన జవాబు సగమే. తక్కిన సగం ఈ ఏడాది లైబ్రరీలో కూర్చుని, మన లెక్చరర్లని విసిగించి సంపాదించాను.

మొదటి సగం పాఠాల్లో వున్నదే. ఈ. కోలై అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకొకసారి రెండవుతుంది. అన్ని కోట్ల నకళ్ళు తీసేటప్పుడు డి.ఎన్.ఏ.లో అక్కడక్కడ ఒక అక్షరం తప్పు పడుతూనే వుంటుంది. ఆ తప్పు ఎప్పుడో ఒకసారి మందునుంచి కాపాడుతుంది. ఎన్రోఫ్లాక్సాసిన్ జాతి మందులకి ఎదురు తిరగడం చాలామట్టుకు ఇలాగే జరుగుతుంది. కాని ఎనిమిది మందులకి ఎనిమిది తప్పులు ఒక్క క్రిమిలోనే వరసగా పడాలంటే చాలా కాలం పట్టాలి. అంత కాలం అక్కర్లేకుండా అడ్డదారి ఒకటుంది. దాన్ని జపానువాళ్ళు కనిపెట్టారు. 1950లలో అక్కడ జిగట విరేచనాల రోగులలో ఒక్కసారిగా నాలుగైదు మందులకి లొంగని షిగెల్లా క్రిములు కనబడసాగాయి. 1959లో తేలిందేమంటే, పేగులో వుండే ఈ. కోలై నుంచి షిగెల్లాకి, షిగెల్లా నుంచి ఈ. కోలైకి ఆ గుణాలు మూకుమ్మడిగా బదిలీ అవుతున్నాయి. రెండు కణాలు ఒకదాన్నొకటి ఆనుకుంటే చాలు.

ఇలా బదిలీ అయ్యేది ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. ఉంగరం. దాన్ని తాళంచెవుల గుత్తి అనుకోండి. ఒక చెవి ఒక మందుకి, ఇంకో చెవి ఇంకో మందుకి. గుత్తి చేతిలో పడితే అన్నీ వచ్చినట్టే. నాన్నగారి ప్రశ్నకి ఇక్కడిదాకా జవాబు చెప్పగలిగాను. బడి లేదు, అరువు వుంది.

"పరాయివాడి వస్తువు అంత తేలిగ్గా లోపలికి రానిస్తుందా?" అని ఆయన మళ్ళీ అడిగారు. పొలం, షెడ్డు కాపలా కాసినవాడికి తోచే ప్రశ్న అది. నేను నీళ్ళు నమిలాను. అసలు వ్యాసం ఇక్కడే మొదలవుతుంది.

రానివ్వకూడదు. ఎందుకంటే బాక్టీరియాకి కూడా శత్రువులున్నాయి. బాక్టీరియోఫేజిలనే వైరసులు వాటినే తిని బతుకుతాయి. భూమ్మీద వీటి సంఖ్య 1 పక్కన 31 సున్నాలు పెట్టినంత వుంటుందని ఒక అంచనా. ఫేజి వచ్చి బాక్టీరియా గోడకి అతుక్కుని తన డి.ఎన్.ఏ.ని లోపలికి ఎక్కిస్తుంది. కాసేపట్లో లోపల వందల ఫేజిలు తయారై కణం పగిలిపోతుంది. ఇలాంటి శత్రువు చుట్టూ వున్నప్పుడు, పరాయి డి.ఎన్.ఏ. కనిపిస్తే ముందు నరికి తరవాత మాట్లాడే క్రిమే బతికి బట్టకడుతుంది. మన వొంట్లో తెల్లకణాలున్నట్టే ఒంటికణం క్రిమికి కూడా ఒక రక్షణవ్యవస్థ వుందంటే మొదట నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఆ వ్యవస్థలో మొదటిది ఒక కత్తి. పెరటికోళ్ళు పెంచే ఇళ్ళలో మన కోడి, పక్కింటి కోడి కలిసిపోకుండా కాలికి గుడ్డపీలిక కడతారు చూడండి. సాయంత్రం గూట్లోకి తోలేటప్పుడు పీలిక లేనిదాన్ని అదిలిస్తారు. బాక్టీరియా చేసేదీ అదే. తన డి.ఎన్.ఏ.లో కొన్ని చోట్ల మిథైల్ గుర్తు వేసుకుంటుంది. గుర్తులేని డి.ఎన్.ఏ. లోపలికొస్తే రెస్ట్రిక్షన్ ఎంజైము దాన్ని కచ్చితమైన చోట నరుకుతుంది. మన ల్యాబు ఫ్రిజ్‌లో వుండే ఎకో ఆర్ వన్ అలాంటి కత్తే. జి-ఎ-ఎ-టి-టి-సి అనే ఆరక్షరాలు ఎక్కడ కనబడితే అక్కడ కోస్తుంది. స్విట్జర్లాండులో వెర్నర్ ఆర్బర్ 1960లలో ఈ గుర్తూ-కత్తీ పద్ధతిని వివరించాడు. హామిల్టన్ స్మిత్ 1970లో అలాంటి కత్తినొకదాన్ని విడదీసి, అది కోసే చోటు చూపించాడు. డేనియల్ నాథన్స్ దాన్ని వాడి చూపించాడు. ముగ్గురికీ 1978లో నోబెల్ బహుమతి వచ్చింది. జెనెటిక్ ఇంజనీరింగు అంతా ఈ కత్తితోనే మొదలైందిగాని, ఆ వైపు వెళితే కోళ్ళు మిగలవు.

రెండోది ఇంకా విచిత్రమైంది. బస్టాండులో "జేబుదొంగలున్నారు జాగ్రత్త" అని ఫోటోలు అంటించిన బోర్డు మీరు చూసే వుంటారు. బాక్టీరియా దగ్గర అచ్చంగా అలాంటి బోర్డు వుంది. దానిపేరు క్రిస్పర్. ఒకసారి వచ్చిన ఫేజి నుంచి ముప్ఫై అక్షరాలకి అటూ ఇటూగా ఒక ముక్క కోసి తన క్రోమోసోములో దాచుకుంటుంది. కొత్త ఫోటో ఎప్పుడూ బోర్డుకి ముందువైపే అంటిస్తుంది. ఫోటోకీ ఫోటోకీ మధ్య ఒకే రకమైన వాక్యం తిరిగి తిరిగి వస్తుంది. ఆ బోర్డునుంచి తీసిన ఆర్.ఎన్.ఏ. నకళ్ళు పట్టుకుని కాస్ అనే ప్రోటీన్లు కణమంతా గస్తీ తిరుగుతాయి. పోలిక కుదిరిన డి.ఎన్.ఏ. దొరికిందా, నరికివేతే. కణం రెండైనప్పుడు బోర్డు కూడా పిల్లలకి సంక్రమిస్తుంది. మనకి మశూచి వస్తే కలిగిన రక్షణ మన పిల్లలకి రాదు. ఈ క్రిమికి వస్తుంది!

దీన్ని కనుక్కున్న కథలో ఈ. కోలైకీ, పెరుగుకీ భాగం వుంది. 1987లో ఒసాకా విశ్వవిద్యాలయంలో యోషిజుమి ఇషినో, ఆయన సహచరులు ఈ. కోలైలో వేరే జన్యువుని చదువుతుంటే దాని పక్కన 29 అక్షరాల వాక్యం ఐదుసార్లు, మధ్యలో 32 అక్షరాల ఎడంతో కనిపించింది. ఎందుకో తెలియదని నిజాయితీగా రాసి వూరుకున్నారు. స్పెయిన్‌లో ఫ్రాన్సిస్కో మోహికా ఏళ్ళతరబడి దాని వెంటబడి, ఆ మధ్యనున్న ముక్కలు ఫేజిలవీ ప్లాస్మిడ్లవీ అని 2005లో చెప్పాడు. చివరికి రుజువు చేసింది పెరుగు తోడుకి క్రిములు అమ్మే ఒక కంపెనీలోని శాస్త్రజ్ఞులు. ఫేజి పడితే పాలు తోడుకోవు, లక్షల సరుకు పాడవుతుంది. పాలు తోడువేసే స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్‌లో కొత్త ఫేజి ముక్క బోర్డుకెక్కిన కణాలు ఆ ఫేజికి లొంగవని, ఆ ముక్క తీసేస్తే మళ్ళీ లొంగుతాయని 2007లో ప్రచురించారు.

ఈ రెండే కాదు. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ సంస్థవారు ఒక్క విడతలోనే బాక్టీరియాలో కొత్త రక్షణపద్ధతులు అనేకం బయటపెట్టి, వాటిలో కొన్నిటికి రకరకాల దేశాల దేవతల పేర్లు పెట్టారు. ఫేజి పట్టిందని తెలియగానే చుట్టూ వున్న తోబుట్టువులకి అంటకుండా తానే చచ్చిపోయే కణాలూ వున్నాయి.

ఇంత కాపలా వుండగా తాళంచెవుల గుత్తి లోపలికెలా వచ్చింది? కాపలావాడికి దొంగా చుట్టమూ తేడా తెలియదు. ఫేజి డి.ఎన్.ఏ. పరాయిదే, ప్లాస్మిడ్ డి.ఎన్.ఏ. కూడా పరాయిదే. 2008లో లూసియానో మరాఫీనీ, ఎరిక్ సాంథైమర్ అనే ఇద్దరు స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్‌లో ఈ సంగతి చూపించారు. మన చర్మం మీద వుండే ఆ క్రిమి బోర్డులో ప్లాస్మిడ్ల ఫోటో ఒకటుంది. దాని మూలాన మందుల్ని ఎదిరించే గుణాన్ని తెచ్చే ప్లాస్మిడ్లు కూడా గుమ్మం దాటలేకపోయాయి. అంటే కాపలా గట్టిగా వున్న క్రిమికి రోగనిరోధం వుంది గాని, అరువు పుట్టదు.

దీన్ని తిరగేసి చూడండి. కాపలా పోయిన క్రిమికి అరువు సులభం. 2010లో కెల్లీ పామర్, మైకేల్ గిల్మోర్ ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే క్రిమి రకాలు 48 తీసుకుని లెక్క చూశారు. ఇది మన పేగుల్లోనూ కోడిపేగుల్లోనూ వుండేదే. కోడిపిల్లల్లో కీళ్ళవాపు తెప్పిస్తుంది, ఆసుపత్రుల్లో మనుషుల్నీ పీడిస్తుంది. చాలా మందులకి లొంగని రకాల్లో క్రిస్పర్ కాపలా లేకపోవడం, కాపలా వున్న రకాల్లో అరువు జన్యువులు తక్కువగా వుండడం వాళ్ళకి కనిపించింది. 1987లో అమెరికాలో ఒక రోగి నుంచి తీసిన వి-583 అనే రకం వుంది. వాంకోమైసిన్‌కి కూడా లొంగదు. దాని మొత్తం డి.ఎన్.ఏ.లో నాలుగోవంతుకి పైగా బయటినుంచి వచ్చిందేనని 2003లోనే తేలింది. దానికి పనిచేసే క్రిస్పర్ కాపలా లేదు. తలుపు తీసిపెట్టిన ఇల్లు అది.

తలుపు తీసినవాళ్ళెవరు? క్రిమి ఆలోచించి తీయలేదు. కోట్ల క్రిముల్లో కొన్నిట్లో కాపలా జన్యువులు వాటంతటవే చెడిపోతుంటాయి. మామూలు రోజుల్లో అవి ఫేజిల పాలబడతాయి. కాని రోజూ మందు పోసే చోట సంగతి వేరు. అక్కడ ఫేజికన్నా ముందు మందే చంపుతుంది. అక్కడ కాపలా వున్నది చస్తుంది, కాపలా లేక గుత్తి అరువు తెచ్చుకున్నది బతుకుతుంది. వారం తిరిగేసరికి షెడ్డునిండా తలుపు లేని క్రిములే. ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. నీళ్ళ టాంకులో మందు కలిపింది నా చేత్తోనే కదా.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. మా షెడ్డులో పట్టుబడ్డ ఈ. కోలై విషయంలో ఈ లెక్క ఇంత ముచ్చటగా కుదరదు. ఈ. కోలైకి క్రిస్పర్ బోర్డు వుందిగాని, మామూలు పరిస్థితుల్లో హెచ్-ఎన్ఎస్ అనే ప్రోటీను దాన్ని నిద్రపుచ్చుతుంది. క్రిస్పర్ వున్న ఈ. కోలైలలో కూడా ప్లాస్మిడ్లు యథేచ్ఛగా తిరుగుతున్నాయని 2012లో ఫ్రాన్సు పరిశోధకులు చూపించారు. అక్కడ వాచ్‌మన్ వుద్యోగంలో వున్నాడు, కాకపోతే గుర్రుపెడుతున్నాడు. పైగా కొన్ని ప్లాస్మిడ్లు, ఫేజిలు కాస్ ప్రోటీన్లనే కట్టిపడేసే విరుగుడు ప్రోటీన్లు వెంట తెచ్చుకుంటాయని 2013 నుంచి ఒక్కొక్కటే బయటపడుతోంది. కాబట్టి "కాపలా పోతే మొండిక్రిమి" అనేది ఎంటెరోకాకస్‌కి కుదిరినట్టు అన్నిటికీ కుదరదు. మందు రోజూ వుండడం మాత్రం అన్నిచోట్లా సమానమే.

ఆ మందు షెడ్డులోకి రోగం కోసం రాలేదు, బరువు కోసం వచ్చింది. ఈ కథలో మన భీమవరం కూడా వుంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకి డైరెక్టరుగా వుండగా, అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక క్రిమి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు పోయారు. ఆ చివర్లోనే, అదే సంస్థలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లలకి బి-12 విటమిను కోసం వెదుకుతూ, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని మేతలో కలిపారు. పిల్లలు విటమిను లెక్కకి మించి పెరిగాయి. 1950కల్లా కారణం పిప్పిలో మిగిలిపోయిన మందేనని చెప్పారు. అక్కడినుంచి మందు సీసాలోంచి మేత బస్తాలోకి మారింది. ఎన్నో ప్రాణాలు కాపాడిన మందు అది. దాని పిప్పి ఇంత దూరం వస్తుందని సుబ్బారావుగారు చూడలేదు.

బస్తాలోని మందు ఏం చేస్తుందో డెన్మార్కువాళ్ళు కొలిచి చూపించారు. ఐరోపాలో కోళ్ళకీ, పందులకీ పెరుగుదల కోసం అవోపార్సిన్ అనే మందు వాడేవారు. అది వాంకోమైసిన్‌కి దగ్గరి చుట్టం. మేతలో దాన్ని తిన్న జంతువుల పేగుల్లో వాంకోమైసిన్‌కి లొంగని ఎంటెరోకాకస్ పెరుగుతోందని తెలిసి 1995లో డెన్మార్కు, 1997లో ఐరోపా సమాజం అవోపార్సిన్‌ని ఆపేశాయి. డెన్మార్కు బ్రాయిలర్ల నుంచి తీసిన ఎంటెరోకాకస్ ఫీషియంలో 1995లో నూటికి 73 దాకా వాంకోమైసిన్‌కి లొంగనివే. 2000 నాటికి అవి నూటికి 6కి దిగాయి. పందుల్లో మాత్రం మందు ఆపినా తగ్గలేదు. కారణం గుత్తిలో వుంది. పందులకి టైలోసిన్ అనే ఇంకో మందు ఇస్తూనే వున్నారు. టైలోసిన్ జాతి మందుల్ని ఎదిరించే చెవీ, వాంకోమైసిన్‌ని ఎదిరించే చెవీ ఒకే ఉంగరానికి తగిలించి వున్నాయి. ఒకదాని కోసం క్రిమి ఉంగరాన్ని దాచుకుంటే రెండోది వూరికే మిగిలింది. 1998లో టైలోసిన్ తగ్గించాక పందుల్లోనూ తగ్గింది. మా సూపర్‌వైజరుగారు మందు మార్చినప్పుడు జరిగింది కూడా ఇలాంటిదే కావచ్చునని నాకనిపిస్తుంది.

మనదేశానికి వస్తే కొలిస్టిన్ సంగతి చెప్పుకోవాలి. ఏ మందుకీ లొంగని రోగికి డాక్టర్లు చిట్టచివర వాడే మందుల్లో అదొకటి. అదే కొలిస్టిన్ కోళ్ళమేతలో కూడా వుండేది. 2015 నవంబరులో చైనా పరిశోధకులు పందుల్లోనూ, పచ్చిమాంసంలోనూ, రోగుల్లోనూ దొరికిన ఈ. కోలైలో ఎం.సి.ఆర్-1 అనే జన్యువుని ప్రకటించారు. కొలిస్టిన్‌ని ఎదిరించే ఆ జన్యువు ప్లాస్మిడ్ మీద వుంది! అంతవరకూ క్రోమోసోము మార్పులతోనే వచ్చేదనుకున్నది గుత్తికెక్కింది. చైనా 2017లో కొలిస్టిన్‌ని మేతనుంచి తీసేసింది. మన ప్రభుత్వం 2019 జులైలో, తిండి కోసం పెంచే జంతువులకీ, కోళ్ళకీ, చేపలు-రొయ్యలకీ, మేతలో కలిపే వాటికీ కొలిస్టిన్‌ని నిషేధించింది. కాగితం మీద గట్టి నిర్ణయమే. మేత బస్తా మీద ఇంగ్లీషులో రాసివున్న చిన్నక్షరాలు ఎంతమంది రైతులు చదవగలరో నాకు తెలుసు.

ఇదంతా కోళ్ళతో పోయేదైతే ఇంత రాయను. గత వేసవిలో మా నాయనమ్మకి మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. టౌనులో డాక్టరుగారు సిప్రోఫ్లాక్సాసిన్ రాశారు. నాలుగు రోజులైనా తగ్గలేదు. పరీక్షలో ఈ. కోలై అని తేలింది, ఆ రిపోర్టులో కూడా వరసగా 'ఆర్' అక్షరాలే. చివరికి ఆసుపత్రిలో వారం రోజులు ఇంజెక్షన్లు ఇస్తేగాని లేవలేదు. మా షెడ్డులోని క్రిమే ఆవిడకి వచ్చిందని నేననడం లేదు, అలా అనడానికి నా దగ్గర రుజువు లేదు. కాని కోడికి పెట్టిన ఎన్రోఫ్లాక్సాసిన్ కోడి వొంట్లో కొంతభాగం సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతుంది. కోడికొక మందు, నాయనమ్మకొక మందు అని మనం అనుకుంటున్నాం, క్రిమికి రెండూ ఒకటే. అమెరికాలో కోళ్ళకి ఎన్రోఫ్లాక్సాసిన్ వాడకాన్ని 2005లో ఆపింది ఈ భయంతోనే. అక్కడ కారణమైన క్రిమి కాంపిలోబాక్టర్.

మరి ఫేజిలనే కోళ్ళకి మందుగా వాడకూడదా అని మన క్లాసులో ఒక మిత్రుడు అడిగాడు. వాడారు. ఫేజిలకి ఆ పేరు పెట్టిన ఫెలిక్స్ డెరెల్ 1919లో ఫ్రాన్సు పల్లెల్లో కోళ్ళకి వచ్చే టైఫాయిడ్ మీద ప్రయోగించాడు. యాంటీబయాటిక్ అనే మాట ఇంకా పుట్టని రోజులవి. ఇప్పుడు మళ్ళీ ఆ దారిలో పని జరుగుతోంది. చిక్కల్లా ఏమంటే ఫేజిని పోస్తే క్రిమి కాపలా పెంచుకుంటుంది, అందుకే ఒక్క ఫేజి కాకుండా నాలుగైదు కలిపి ఇస్తారు. నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. మందు తలుపులు తెరిపిస్తుంది, ఫేజి తలుపులు వేయిస్తుంది. తలుపు వేసుకున్న క్రిమికి అరువు పుట్టదు గదా! రెంటినీ ఒకదాని తరవాత ఒకటి వాడితే క్రిమి ఏ వైపు తప్పుకుంటుంది? ఇది నా వూహ మాత్రమే. ఎం.ఎస్సీ.లో సీటు వస్తే దీనిమీద పని చెయ్యాలని వుంది.

మళ్ళీ షెడ్డు దగ్గరికి వస్తాను. ఆ బ్యాచి తరవాత నాన్నగారు ఊకంతా ఎత్తించి, నేల కడిగించి, టాంకూ పైపులూ బ్లీచింగు పెట్టించి ఇరవై రోజులు షెడ్డు ఖాళీగా వుంచారు. కంపెనీవాళ్ళకి అది నచ్చలేదు. చలిలో కూడా పరదాలు పైన జానెడు తెరిచే వుంచుతున్నారు. కొత్త పిల్లలతోపాటు ఎప్పటిలా "నివారణకి, మొదటి ఐదు రోజులు" అని పొడిపొట్లాలు వచ్చాయి. "ఇందులో ఏముందండీ?" అని నాన్నగారు అడిగితే సూపర్‌వైజరుగారు పొట్లం తిప్పి చూసి, "పైవాళ్ళు పంపారండి" అన్నారు. ఆ పొట్లాలు ఇంకా మా వసారాలో గూట్లో వున్నాయి.

ఆ తరవాత మూడు బ్యాచిలు ఒడ్డున పడ్డాయి. నాలుగోదానిలో, మొన్న అక్టోబరు వానల్లో మళ్ళీ చావులు మొదలయ్యాయి. నాన్నగారు ఫోను చేశారు. "ముందు పరీక్షకి పంపండి, పనిచేసే మందేదో తెలిశాకే వాడదాం" అన్నాను.

"రిపోర్టు ఎన్నాళ్ళకి వస్తుంది?"

"మూడు రోజులకి నాన్నగారూ."

"ఇవాళ పొద్దున నలభై తీసింది మీ అమ్మ. మూడు రోజులు చూస్తూ కూర్చోమంటావా?"

నా దగ్గర జవాబు లేదు. కోడిని ఐసుపెట్టెలో పెట్టి బస్సెక్కించారు. రిపోర్టు వచ్చేదాకా మందు పెట్టలేదు. ఆ మూడు రోజుల్లో నూటపదహారు పోయాయి. నాలుగో రోజు పెట్టిన మందు పనిచేసింది.

గంటలో ఫలితం చెప్పే పరీక్ష ఏదైనా చవగ్గా వస్తే ఆ నూటపదహారూ మిగిలేవి. మన డిపార్టుమెంటులో ఎవరైనా ఆ వైపు ఆలోచిస్తున్నట్టయితే, మా షెడ్డు వాడుకోవచ్చునని నాన్నగారు చెప్పమన్నారు.